ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిలు మార్పిడి: ఒక పరిశీలన

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలో మోటారు మరమ్మతు విద్య బడులలో పుట్టినది కాదు, షెడ్లలో పుట్టినది. లారీ క్రింద పడుకొని పని నేర్చిన శాగిర్దులే కాలక్రమాన ఉస్తాదులైనారు. ఆ విద్యతోపాటు పానా, పేచ్‌కస్, గరారీ వంటి మాటలు కూడా ఉర్దూ ఇండ్లనుండి తెలుగు ఇండ్లకు వచ్చి స్థిరపడినవి. నేడు తెలుగు కుర్రవానికి పానా అన్నది ఏ భాషాపదమో తోచదు, తోచవలసిన అవసరమూ లేదు. మా కళాశాల వార్షిక సంచికలో ఇట్టి విషయమునకు చోటున్నదా అని సందేహించే వారికి ఇదియే మా సమాధానం.

ఆ ఉస్తాదులు నేర్చినది అంబాసిడరు, పద్మిని, జీపు, ట్రాక్టరు, లారీలమీద. వీటన్నిటిలోను గేరు మార్చేది డ్రైవరు చేయి. గేరుబాక్సులో పోసేది చిక్కని గేరాయిలు. రెండు తరాలపాటు ఈ జ్ఞానం ఎవరినీ మోసగించలేదు. అయితే 2014లో మారుతి సంస్థ సెలేరియో కారుతో, క్లచ్చి పెడలు లేకుండా గేరు తానే మారే సదుపాయాన్ని తక్కువ ధరకు తెచ్చిన తరువాత మధ్యతరగతి వారి చేతికి కూడా ఆటోమేటిక్ వాహనం వచ్చినది. పట్టణాలలో అమ్మకానికి వచ్చే పాత పెద్దకార్లలోను ఆటోమేటిక్‌లు కనిపిస్తున్నవి. వాహనం మారినది, అలవాటు మారలేదు. ఆ రెంటిమధ్య చిక్కుకొన్న ఒక కారు కథయే ఈ వ్యాసానికి మూలం.

మాకు తెలిసిన ఒక టాక్సీ యజమాని జమ్మలమడుగు ప్రాంతంనుండి రోగులను తిరుపతికి, కర్నూలుకు, వేలూరుకు తీసుకొనిపోవుట వృత్తిగా గలవాడు. అప్పుచేసి ఒక పాత ఆటోమేటిక్ కారు కొన్నాడు. కొన్న కొద్దినాళ్ళకే ముందుజాగ్రత్తగా గేరుబాక్సు ఆయిలు మార్పించదలచి, దారిప్రక్కనున్న ఒక షెడ్డులో బండి వదిలినాడు. అక్కడివారు అడుగున ఉన్న బోల్టు విప్పి నాలుగు లీటర్ల ఎర్రని ఆయిలు దించి, దాని స్థానంలో నాలుగు లీటర్ల గేరాయిలు పోసినారు. పులివెందుల దారిలో ముద్దనూరు చేరేలోపలే బండి గేరు పట్టుటకు తడబడి, వణకి, ఎత్తులలో ఇంజను అరచినా చక్రం కదలక మొండికేసినది. అతడు అక్కడే ఆపి, బండిని లాగించుకొని ఇంటికి తెచ్చి, మావద్దకు వచ్చినాడు.

"గేరుబాక్సుకు గేరాయిలే గదా సార్ పోసేది, తప్పేముండాది?" అని అతడు అడిగిన ప్రశ్న న్యాయమైనది. కొత్త గేరుబాక్సుకు చెప్పిన వెల అతని ఆరునెలల సంపాదనను మించినది. భౌతికశాస్త్ర విభాగమునుండి మేమును, నలుగురు విద్యార్థులును ఈ పనికి పూనుకొన్నాము. పూనుకొనుటకు ముందు అతని ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వచ్చినది.

రెండు టేబులు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే విద్యుత్తు ఇచ్చినచో, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. ఈ రెండింటిని ఒక మూసిన గిన్నెలో పెట్టి, గాలికి బదులు నూనె నింపినట్లు ఊహించుకొన్నచో అదియే ఆటోమేటిక్ బండిలోని టార్క్ కన్వర్టరు. ఇంజను త్రిప్పే ఫ్యాను నూనెను విసరుతుంది, గేరుబాక్సు వైపు ఫ్యాను ఆ విసురుకు తిరుగుతుంది. రెండింటి నడుమ ఉండే స్టేటరు అను మూడవ చక్రం, వెనుకకు మరలివచ్చే నూనెను సరియైన కోణంలో త్రిప్పి పంపుటచేత, బండి బయలుదేరే సమయాన ఇంజను ఇచ్చే టార్క్ రెట్టింపు వరకు పెరుగుతుంది. జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఫాటింగర్ 1905లో ఈ సూత్రానికి పేటెంటు పొందినది ఓడలకొరకు. కార్లలో ద్రవంద్వారా శక్తి పంపుతూ గేర్లు తామే మారే హైడ్రామాటిక్ గేరుబాక్సును జనరల్ మోటార్సు వారు 1939లో తెచ్చినారు. టార్క్ కన్వర్టరు గల బ్యూయిక్ డైనాఫ్లో 1948లో వచ్చినది.

ఇందులోని నూనె చేసే పని శక్తిని మోయుట మాత్రమే కాదు. పంపు ఇచ్చే పీడనంతో లోపలి క్లచ్చి బిళ్ళలను బిగించేది అదే. వేడిని కూలరుకు మోసుకొనిపోయేది అదే. పళ్ళచక్రాలకు కందెన అదే. అన్నిటికంటె చిత్రమైనది నాలుగవ పని. కందెన అనగా ఘర్షణను తగ్గించునది గదా! ఇక్కడ మాత్రం నూనెలో మునిగిన క్లచ్చి బిళ్ళలు ఒకదానినొకటి పట్టుకొనవలెను. పట్టునప్పుడు కుదుపు ఉండరాదు, పట్టిన తరువాత జారరాదు. పళ్ళచక్రంవద్ద ఘర్షణ వద్దు, బిళ్ళవద్ద కొలతకు తగినంత ఘర్షణ కావలెను. ఒకే ద్రవం ఈ రెండు విరుద్ధ ధర్మాలను నిర్వహించవలసి యున్నది. అందుకే దానిలో ఘర్షణను సవరించే రసాయనాలు కలుపుతారు. ఒకప్పుడు ఈ పనికి స్పెర్మ్ తిమింగలపు నూనె వాడేవారు. 1970ల తొలినాళ్ళలో అమెరికా దానిని నిషేధించగా రసాయన శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయం వెదకుకొనవలసి వచ్చినది.

గేరాయిలు వేరు జాతి. అది చిక్కనిది. తీవ్రమైన ఒత్తిడిలో పళ్ళు అరగకుండ గంధకం, భాస్వరం గల రసాయనాలు అందులో ఉంటవి. అది సన్నని నాళాలలో, కవాటాలలో తగినంత వేగంగా పారదు. బిళ్ళలకు కావలసిన పట్టును ఇవ్వదు. కనుక షెడ్డువారు పోసినది చెడ్డ నూనె కాదు, మంచి నూనెయే. చోటు మాత్రమే తప్పు. ఏ.టి.ఎఫ్. అని పిలిచే ఈ ద్రవానికి ఎర్రరంగు వేసినది కూడా ఇట్టి పొరపాటు జరుగకుండుటకే, కారిన మరక ఇంజనుదా, గేరుబాక్సుదా అని తెలియుటకే. రంగు వలన నూనెకు ఏ గుణమూ రాదు. ఇప్పుడు కొన్ని సంస్థలు వేరు రంగులు కూడా వేస్తున్నవి కాబట్టి రంగును చూచి నూనె కొనరాదు. యజమాని పుస్తకంలో వ్రాసిన నిర్దేశం పేరును చూచియే కొనవలెను.

ఇక్కడ ఇంకొక హెచ్చరిక చేయక తప్పదు. క్లచ్చి పెడలు లేని ప్రతి బండికి ఈ ఎర్రనూనె పోయరాదు. పైన చెప్పిన సెలేరియో వంటి వాటిలో ఉన్నది మామూలు చేతిగేరుబాక్సే. క్లచ్చిని నొక్కి గేరు మార్చే పనిని ఒక యంత్రహస్తం చేస్తుంది, అంతే. దానికి చేతిగేరుబాక్సు ఆయిలే కావలెను. కప్పీలు, ఉక్కుపట్టీ గల సి.వి.టి. రకానికి ఇంకొక ద్రవం, జంట క్లచ్చిల రకానికి వేరొక ద్రవం. నలుగురూ ఆటోమేటిక్ అని ఒకే పేరుతో పిలిచే ఈ నాలుగు రకాలూ లోపల నాలుగు వేరు యంత్రాలు. మా విద్యార్థులలో ఒకడు దీనిని విని, ఒకే ఇంటిపేరు గల నాలుగు కుటుంబాలవలెనా అని అడిగినాడు. అట్లే అనుకొనవచ్చును.

ఇక లెక్క. ఆ కారు గేరుబాక్సులో పట్టే మొత్తం ద్రవం సుమారు 8 లీటర్లు. అడుగు బోల్టు విప్పితే దిగేది 4 లీటర్లు మాత్రమే. మిగిలినది కన్వర్టరులోను, కూలరు గొట్టాలలోను నిలిచిపోతుంది. షెడ్డువారు 4 లీటర్లు దించి 4 లీటర్ల గేరాయిలు పోసినారు గనుక, బండి నడచి అంతా కలిసిన తరువాత లోపల సగం గేరాయిలు, సగం పాత ఎర్రనూనె. మేము 4 లీటర్లు దించినచో 2 లీటర్ల గేరాయిలు పోయి 2 లీటర్లు మిగులును. కొత్త ఏ.టి.ఎఫ్. పోసి, కలియనిచ్చి, మరల దించినచో 1 లీటరు. మూడవసారికి అర లీటరు. నాలుగవసారికి పావు లీటరు. ఇది గుణశ్రేఢి. ఎన్నిసార్లు దించినను సున్న రాదు, కాని ఎనిమిది లీటర్లలో పావు లీటరు అనగా వందకు మూడుపాళ్ళు. అక్కడ ఆగవచ్చునని నిర్ణయించినాము.

గణితశాఖ మిత్రులొకరు మమ్ము ఒక ప్రశ్న అడిగినారు. ఇట్లు నాలుగుసార్లు వంచుటకు బదులు, ఒకవైపునుండి కొత్తది పోస్తూ మరొకవైపునుండి పాతది వదలుతూ అదే 16 లీటర్లు నిరంతరంగా పారించినచో మేలు కాదా? లోపల ఎప్పటికప్పుడు పూర్తిగా కలిసిపోతూ ఉన్నదనుకొన్నచో, మిగిలే పాతద్రవం భాగం ఈ యొక్క ఋణ రెండవ ఘాతం, అనగా వందకు పదమూడున్నర. నాలుగుసార్లు సగం సగం వంచినచో వందకు ఆరుంబావు. వంచుటయే మేలైనదని లెక్క చెప్పినప్పుడు వారు కాగితంమీద మరల చేసి చూచుకొన్నారు. పెద్ద సర్వీసు కేంద్రాలలో కూలరు గొట్టానికి తగిలించే యంత్రం పాతదానిని ముందుకు నెట్టుకొంటూ పోతుంది, పూర్తిగా కలియనివ్వదు, కనుక దాని ఫలితం మా లెక్కకంటె బాగుగనే ఉండును. అయితే ఏండ్ల తరబడి నూనె మార్చని గేరుబాక్సులోనికి యంత్రంతో బలవంతంగా పారించుట మాకు సమ్మతం కాదు. అడుగున పేరుకొన్న మడ్డి లేచి సన్నని కవాటాలలో చిక్కుకొనే అవకాశమున్నది. వంచి పోయుట నిదానమైన పని, కాని ఇంటివద్ద చేయదగినది అదియే.

పని టాక్సీ యజమాని ఇంటి పెరటిలో జరిగినది. కారును నలుమూలలా సమానంగా ఎత్తవలెను. లేనిచో లోపలి మట్టం తప్పుగా తెలియును. జాకీతో ఎత్తిన తరువాత క్రింద పెట్టుటకు ఒక విద్యార్థి నాపబండల ముక్కలు తెచ్చినాడు. మన ప్రాంతంలో గోడకు, నేలకు, అరుగుకు, ప్రహరీకి అన్నిటికి ఆ బండలే గదా! వాటిని తిరిగి పంపించివేసినాము. నాపరాయి పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. పరచినప్పుడు తరతరాలు నిలుచును గాని, దొంతరగా పేర్చి ఒక బిందువుమీద టన్ను బరువు మోపినచో ముందు హెచ్చరిక లేకుండ పగులును. జాకీ ఒక్కదానిని నమ్మి క్రింద దూరుట కూడా అట్టిదే. నాలుగు ఇనుప స్టాండ్లు అరువు తెచ్చుటకు ఒక పూట పట్టినది. ఆ పూట వృథా అని మేము అనుకొనలేదు.

రెండవ సంగతి చిన్నదే, కాని తెలియనివారు తప్పక చిక్కులో పడుదురు. నూనె దించే బోల్టును ముట్టుటకు ముందు, నూనె పోసే బోల్టు ఊడుచున్నదో లేదో చూచుకొనవలెను. పాతది దించివేసి, పోసే బోల్టు తుప్పుతో బిగుసుకొనిపోయినదని తరువాత గ్రహించినచో, బండి ఇటు కదలదు, అటు నిండదు.

దించిన నూనెను కొలత గీతలుగల క్యానులో పట్టినాము. దిగినది ఎంతో, పోసినది అంతే. ఆ కారుకు కొలబద్ద లేదు. అడుగు బోల్టులోపల నిలువుగా ఒక చిన్న గొట్టం ఉన్నది. మట్టం ఆ గొట్టం నోటికి మించినచో నూనె పొర్లి వచ్చును, అదియే కొలత. అంతా దించవలెనన్న ఆ గొట్టాన్ని కూడా విప్పవలెను. చేతిపంపుతో కొత్తనూనె ఎక్కించి, ఇంజను నడుపుతూ, బ్రేకు నొక్కిపట్టి, గేరు కడ్డీని ప్రతి స్థానంలోను కొన్ని క్షణాలు నిలుపుతూ అటునిటు త్రిప్పినాము. కొత్తది కన్వర్టరులోనికి పోయి పాతదానితో కలియుటకు ఇది అవసరం. మొదటి దింపులో వచ్చినది ఎరుపూ కాదు, తేనెరంగూ కాదు, తేరని చెరువునీటి వంటి రంగు. గేరాయిలుకుండే గంధకపు ఘాటువాసన పెరడంతా వ్యాపించినది.

మూడవసారి అడుగు పళ్ళెమునే విప్పినాము. అందులోని అయస్కాంతాలమీద బూడిదవర్ణపు పసరువంటి పొర ఉన్నది. ఇది అన్ని గేరుబాక్సులలోను ఉండే అరుగుదలయే. లోహపు పెచ్చులు, మెరిసే తునకలు కనిపించినచో పని అక్కడితో ఆపి గేరుబాక్సును నిపుణునికి అప్పగించవలసి యుండెడిది. అవి లేవు. అందరి ప్రాణాలు కుదుటపడినవి. ఫిల్టరు మార్చి, పళ్ళెమును తుడుచునప్పుడు ఒక విద్యార్థి అలవాటుగా నూలువేస్టు చేతిలోనికి తీసుకొన్నాడు. ప్రత్తి వ్యాపారానికి పేరుపొందిన ప్రొద్దుటూరిలో షెడ్లన్నిటికి అదే తుడుపుగుడ్డ. కాని దాని పోగులు లోపల మిగిలినచో, నేరుగా పోయి కొత్త ఫిల్టరుకు చుట్టుకొనును. పోగులూడని గట్టి గుడ్డతోనే తుడిపించినాము. పళ్ళెం బోల్టులు కూడా బలమున్నది గదా అని బిగించునవి కావు. గేరుబాక్సు గుల్ల అల్యూమినియంది, మర చెడినచో బాగుచేయుట కష్టం.

నాలుగవసారి మేము తప్పు చేసినాము. ఇట్టి బండ్లలో చివరి మట్టం చూచుటకు నూనె ఉష్ణోగ్రత ఒక నిర్ణీత హద్దులో ఉండవలెను. చాలా వాహనాలలో అది 35 నుండి 45 డిగ్రీల మధ్య. చలిదేశాలలో వ్రాసిన పుస్తకాలు, ఇంజను నడిపి నూనెను ఆ హద్దు వరకు వేడెక్కనివ్వుమని చెప్పును. మన కడప జిల్లాలో ఏప్రిల్, మే మాసాలలో నీడనే 40 డిగ్రీలు దాటుట సామాన్యం. ఆ మధ్యాహ్నం ఎండలో నిలిచిన బండిని నడిపి, స్కానరు తగిలించి చూడగా 70 డిగ్రీలు. తొందరలో ఆ వేడిమీదనే బోల్టు విప్పి, పొర్లినదంతా వదలి, చుక్కలుగా పడునప్పుడు బిగించినాము. ఆ రాత్రి ఇంటికి పోయి లెక్కవేసికొన్న పిమ్మట నిద్ర పట్టలేదు. నూనె ప్రతి డిగ్రీకి పదివేలకు సుమారు ఏడుపాళ్ళు వ్యాకోచిస్తుంది. 8 లీటర్లు 30 డిగ్రీలు అధికంగా వేడెక్కినచో దాదాపు 170 మిల్లీలీటర్లు పెరుగును. ఆ పెరిగినదంతా మేము బయటకు వదలివేసినాము. చల్లబడిన తరువాత మట్టం అంతమేర తక్కువ. తక్కువైనచో ఎత్తులలో, మలుపులలో పంపు గాలిని పీల్చును. ఎక్కువైనచో తిరిగే చక్రాలు నూనెను చిలికి నురుగు చేయును. రెండూ చేటే.

యజమానికి వెంటనే చెప్పి, బండి కదపవద్దన్నాము. మరునాడు తెల్లవారుజామున, సూర్యోదయానికి ముందే చేరి, లోపం పూరించి, ఇంజను ప్రారంభించి, స్కానరు 38 డిగ్రీలు చూపగా బోల్టు విప్పినాము. ధారగా వచ్చినది క్రమంగా సన్నగిల్లి చుక్కలైనప్పుడు 43. బిగించినాము. మన ప్రాంతంలో ఈ పని వేసవిలో తెల్లవారుజామునే చేయవలెనను సంగతి ఏ పుస్తకంలోను మాకు కనిపించలేదు. మేము చెడగొట్టుకొని నేర్చినది.

వేడి ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. కొన్ని సంస్థలు ఈ నూనెను జీవితాంతం మార్చనక్కరలేదని వ్రాసినవి. అవే సంస్థల పుస్తకాలలో మరొక పుటలో, అధిక వేడి, దుమ్ము, కొండదారులు, అద్దెబండి పని ఉన్నచో త్వరగా మార్చవలెనని కనిపించును. గండికోట ఎత్తు ఎక్కుతూ, ఎఱ్ఱగుంట్ల సిమెంటు దుమ్ములో తిరుగుతూ, మే నెలలో ఆగి ఆగి నడిచే టాక్సీకి ఈ నాలుగూ వర్తించును. అర్హీనియస్ 1889లో ప్రతిపాదించిన సమీకరణంనుండి వచ్చే స్థూలసూత్రం ప్రకారం, ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు నూనె ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపగును. జీవితాంతం అన్నప్పుడు ఎవరి జీవితమో అడిగి తెలిసికొనుట మంచిది.

చివరకు మా ఎదుట పదహారు లీటర్ల పాతనూనె మిగిలినది. ఇరుగుపొరుగువారు ముగ్గురు వచ్చి అడిగినారు. దూలాలకు చెదలు పట్టకుండ పూయుటకని ఒకరు, పొయ్యి రాజేయుటకని మరొకరు. ఇచ్చుటకు మనసొప్పలేదు. వాడిన నూనె 2016 నాటి నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పెరటిలో పోసినది పెరటిలో నిలువదు. పెన్న ఒడ్డున ఇసుకనేలలు, బావులు గల ఊళ్ళు మనవి. క్యానులకు మూతలు బిగించి, వాడిన నూనె సేకరించే అనుమతి గల వ్యాపారికి చేర్చువరకు మా ప్రయోగశాల వెనుకగదిలో ఉంచినాము. ప్రయోగశాల సహాయకుడు ఆ వాసనకు వారంపాటు మాతో సరిగా మాటలాడలేదు.

బండి ఇప్పుడు నడుచుచున్నది. గేరు పట్టుటలో తడబాటు పోయినది, ఎత్తులలో జారుట లేదు. ఉదయం మొదటిసారి బయలుదేరినప్పుడు మాత్రం రెండవ గేరునుండి మూడవదానికి మారుచోట ఒక చిన్న కుదుపు మిగిలియే ఉన్నది. అది ముద్దనూరు దారిలో కాలిన బిళ్ళల గుర్తా, లోపల మిగిలిన పావు లీటరు గేరాయిలు ప్రభావమా అన్నది తేలలేదు. నూనె కారణమైతే మరి రెండుమార్లు వంచినచో తగ్గవలెను, బిళ్ళలు కారణమైతే తగ్గదు. ఈ శీతకాలంలో బండిని మరల తెమ్మని యజమానితో చెప్పినాము. స్టాండ్లు ఇచ్చినవారు వాటిని ఇంకను తిరిగి అడుగలేదు.